ఏ పేపర్ ఎవరిదో తెలిశాక వార్త ఎలా చదవాలి: కాలేజీ విద్యార్థులకు ఒక మార్గదర్శి

మా ఊరు జగ్గయ్యపేట దగ్గర. చదువు హైదరాబాద్‌లో, డిగ్రీ మూడో ఏడు. ఇంట్లో తాతయ్య ఈనాడు తప్ప వేరే పేపర్ ముట్టుకోరు. పక్క వాటాలో ఉండే బాబాయ్ సాక్షి తప్ప ఇంకోటి గుమ్మం దాటి రానివ్వడు. చిన్నప్పుడు క్రికెట్ పేజీ కోసం నేను రెండు వైపులా తిరిగేవాణ్ణి. ఇంటర్‌కి వచ్చాక మొదటి పేజీ కూడా చదవడం మొదలుపెడితే తల తిరిగింది. ఒకే గోడకి అటు ఒకరు ఇటు ఒకరు ఉంటూ, ఇద్దరూ రెండు వేర్వేరు రాష్ట్రాల్లో బతుకుతున్నట్టు మాట్లాడుకునేవాళ్లు.

అయినా ఈ విషయం నేను గట్టిగా పట్టించుకున్నది 2024 సెప్టెంబర్ 1 రాత్రి తర్వాతే. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. హాస్టల్లో కూర్చుని ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. ఏదో డ్యామ్ గేటు కొట్టుకుపోతోంది, కింద ‘ప్రకాశం బ్యారేజీ’ అని రాసి ఉంది. చూడగానే మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. విజయవాడలో ఉన్న అత్తయ్య వాళ్లు మునిగే ప్రాంతంలో లేరు. అయినా ఆ వీడియో చూసి భయపడి, పసిపిల్లతో సహా అర్ధరాత్రి వానలో బయల్దేరారు. తెల్లారాక తెలిసింది, ఆ వీడియో మన రాష్ట్రంది కూడా కాదు. అత్తయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర పాటు నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. ఒక్కో మెట్టుకి ఒక వారం ఇవ్వండి. మూడో మెట్టు, నాలుగో మెట్టు దగ్గర మాత్రం తొందరపడకండి.

1. ముందు వారం రోజులు మీ లెక్క మీరు రాసుకోండి

ఏ పేపర్ మంచిదో వెతకడానికి ముందు, ఇప్పుడు మీకు వార్త ఎటునుంచి వస్తోందో చూసుకోవాలి. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. వార్త మీ దాకా వచ్చిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: ఏ వార్త, ఎక్కడ చూశాను, ఎంత చదివాను. ఎంత చదివారో నిజాయితీగా రాయాలి. థంబ్‌నెయిల్ మాత్రమే చూస్తే ‘థంబ్‌నెయిల్’ అని రాయండి. హెడ్డింగ్ చదివి వదిలేస్తే అదే రాయండి.

నా మొదటి వారం లెక్కలో 61 వార్తలు తేలాయి. అందులో చివరిదాకా చదివినవి 4. మిగతావన్నీ రీల్స్, వాట్సాప్ స్టేటస్‌లు, యూట్యూబ్ షార్ట్స్, ఇంకా మెస్‌లో మోగే టీవీ కింద పరిగెత్తే స్క్రోలింగ్. అంటే 57 విషయాల మీద నాకు అభిప్రాయం ఉంది, విషయం మాత్రం తెలియదు. పైగా ఎక్కువ భాగం ఒకే వైపువి. యూట్యూబ్‌లో ఒక పార్టీ నాయకుడి ప్రెస్ మీట్ ముక్కలు మూడు వరసగా చూస్తే నాలుగోది దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. మీడియా పక్షపాతం గురించి మాట్లాడే ముందు నా ఫోన్ నా కోసం తయారు చేసిన పక్షపాతం ఇది.

వారం అయ్యాక ఆ నోట్‌బుక్ పారేయకండి. ఆఖర్లో మళ్లీ కావాలి.

2. యజమాని ఎవరో తెలుసుకోండి

పేపర్ ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వరస ఉంటుంది. ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు, ఎక్కడ అచ్చయింది అనే వివరం అందులో ఉంటాయి. వార్తల ఎంపికకి చట్టప్రకారం బాధ్యుడు ఎడిటరే. మొదటి పేజీ కన్నా ముందు ఆ వరస చదవండి. తర్వాత ఆ కంపెనీ వెనక ఎవరున్నారో వెతకండి.

తెలుగులో ఇది పెద్ద రహస్యం కాదు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు రామోజీరావు స్థాపించింది. ఆయన 2024 జూన్‌లో పోయారు, సంస్థ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. తెలుగుదేశం పుట్టినప్పటినుంచీ ఆ పార్టీకి దగ్గరగా ఉందన్న పేరు దానికి ఉంది. ఆంధ్రజ్యోతి 2000లో మూతపడితే 2002లో మళ్లీ తెచ్చింది వేమూరి రాధాకృష్ణ. దాన్ని కూడా జనం ఆ వైపే లెక్కేస్తారు. సాక్షి 2008 మార్చిలో వచ్చింది, వైఎస్ జగన్ కుటుంబానిది. నమస్తే తెలంగాణ 2011లో ఉద్యమం నడుస్తున్నప్పుడు పుట్టింది, ఇప్పటి బీఆర్‌ఎస్‌కి దగ్గర. ప్రజాశక్తి సీపీఎంది, విశాలాంధ్ర సీపీఐది. వీ6 వెలుగు గడ్డం వివేక్ కుటుంబానిది. ఆయన బీజేపీ నుంచి 2023లో కాంగ్రెస్‌లోకి వచ్చి ఎమ్మెల్యే అయ్యారు. టీవీ5 ఛైర్మన్ బి.ఆర్. నాయుడు 2024లో టీటీడీ ఛైర్మన్ అయ్యారు.

ఈ జాబితా మొదటిసారి రాసుకున్నప్పుడు ‘అయితే ఇంక ఎవర్నీ నమ్మక్కర్లేదన్నమాట’ అనుకున్నాను. అది తప్పని చెప్పింది మా లైబ్రేరియన్ సార్. ఆయన నన్ను కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక, గోలకొండ పత్రిక గురించి చదవమన్నారు. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక స్వాతంత్ర్యోద్యమం పక్షాన నిలబడ్డాయి. నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల కోసం 1926లో సురవరం ప్రతాపరెడ్డి నడిపిన గోలకొండ పత్రికకి కూడా ఒక పక్షం ఉంది. వాళ్లెవరూ ఆ పక్షాన్ని దాచుకోలేదు. పక్షం ఉండటం వేరు, ఉండి కూడా లేనట్టు రాయడం వేరు. పక్షం తెలిస్తే ఆ వార్తలో ఎంత వడకట్టాలో తెలుస్తుంది. తెలియకపోతేనే మోసపోతాం.

ఒత్తిడి యజమాని నుంచే రాదని కూడా గుర్తుపెట్టుకోండి. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. 2019 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 2430 ఇచ్చి, తప్పుడు వార్తల మీద కేసులు వేసే అధికారం శాఖల కార్యదర్శులకు అప్పగించింది. ప్రభుత్వ ప్రకటనలు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి అన్నది ఎప్పుడూ ఉన్న ఇంకో కళ్లెం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇది మారదు.

3. ఒకే వార్త, రెండు పేపర్లు, ఒక పెన్సిల్

ఇది అసలు పని. ఆదివారం ఒక గంట పెట్టుకోండి. రెండు వైపుల పేపర్లు కావాలి. కొనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పేపర్ల బల్ల దగ్గర కూర్చోవచ్చు. అక్కడ గ్రూప్స్‌కి చదివేవాళ్లు పొద్దున్నే వచ్చేస్తారు కాబట్టి కాస్త ముందు వెళ్లండి. జిల్లాల్లో అయితే శాఖా గ్రంథాలయం చాలు. కాగితం మీద గీతలు పెట్టలేం కదా, పేజీ ఫొటో తీసుకుని ఫోన్‌లో గీసుకోండి, లేదా నోట్‌బుక్‌లో రాసుకోండి.

నేను మొదట చేసిన అభ్యాసం ప్రకాశం బ్యారేజీ పడవల వార్త మీద. 2024 సెప్టెంబర్ మొదట్లో వరదలో కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను గుద్దాయి, కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి తోడ్పడే బరువులు) దెబ్బతిన్నాయి. కృష్ణలో ఆ రెండు రోజుల్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చి కొత్త కౌంటర్ వెయిట్లు పెట్టించారు. ఇరుక్కున్న పడవల్ని తీయడానికి రోజుల తరబడి తంటాలు పడ్డారు. ఇంతవరకూ ఎవరు రాసినా ఇదే.

తర్వాత దారులు చీలిపోయాయి. పడవలు వైసీపీ వాళ్లవి, ఇది కుట్ర అని తెలుగుదేశం నాయకులు అన్నారు. వరద పాలనలో వైఫల్యం కప్పిపుచ్చుకోవడానికే ఈ ఆరోపణ అని వైసీపీ నాయకులు అన్నారు. ఆ వారం పేపర్లు ముందేసుకుని నేను నాలుగు గడుల పట్టిక గీశాను.

మొదటి గడిలో ఇద్దరూ ఒప్పుకున్నవి రాశాను: పడవలు గుద్దాయి, ఎన్ని, ఎప్పుడు, ఏం దెబ్బతింది. రెండో గడిలో ఒక వైపు మాత్రమే చెప్పినవి. మూడో గడిలో రెండో వైపు మాత్రమే చెప్పినవి. నాలుగో గడిలో ఇద్దరూ వదిలేసినవి, లేదా లోపలి పేజీల్లో మూలకి తోసినవి.

మొదటి గడి దాదాపు ఎప్పుడూ నమ్మదగిందే. రెండు, మూడు గడుల్లో ఉన్నవాటిని అబద్ధం అని కొట్టేయకండి. పక్కన ఆధారం ఏం చూపించారో రాయండి: కేసు నంబరా, డాక్యుమెంటా, లేక ఒక నాయకుడి మాట మాత్రమేనా. నాలుగో గడి నింపడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ వారం అరుపులన్నీ పడవల చుట్టూ తిరిగాయి. సింగ్‌నగర్ జనం ఇళ్లలోకి నీళ్లు తెచ్చింది మాత్రం బుడమేరు. దాని గట్లకు పడ్డ గండ్లు, ఏళ్ల తరబడి సాగిన ఆక్రమణలు, బుడమేరు మీద గేట్లున్న వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఏం జరిగింది అన్న ప్రశ్నలు. ఇవి రాయలేదని కాదు, రాశారు. కానీ బ్యానర్ స్థానం పడవలకి దక్కింది. బుడమేరు ఆక్రమణలు ఒక్క ప్రభుత్వం కాలంలో వచ్చినవి కావు. అందుకే ఆ ప్రశ్న ఏ పార్టీకీ పెద్దగా పనికిరాదు. పక్షపాతం అంటే అబద్ధం రాయడమే అనుకునేవాణ్ణి. ఏది మొదటి పేజీలో ఉండాలి, ఏది ఏడో పేజీలో ఉండాలి అనే నిర్ణయంలోనే అది ఎక్కువగా దాగి ఉంటుందని ఆ పట్టిక దగ్గర తెలిసింది.

పట్టిక గీసేటప్పుడు ఒక రకం వార్తకి చుక్క గుర్తు పెట్టండి: ఒక పేపర్ తన వైపు వాళ్లకే ఇబ్బంది కలిగించే విషయం రాస్తే. పార్టీ పేపర్‌లో సొంత ప్రభుత్వపు హాస్టల్లో పిల్లలకి పురుగుల అన్నం పెట్టారని వస్తే, ఆ వార్తను నేను వెంటనే నమ్ముతాను. దాచగలిగీ దాచలేదు కాబట్టి. ఇలాంటివి జిల్లా పేజీల్లో ఎక్కువ దొరుకుతాయి, ఎందుకంటే ఊళ్లో అందరికీ తెలిసిన సంగతిని ఊరి పేజీలో దాచడం కష్టం. ఎండిన చెరువు, రాని ధాన్యం డబ్బు, టీచర్ లేని బడి. మన మండల విలేకరి జీతం ఎంతో తెలిస్తే ఆ వార్తల మీద ఇంకా గౌరవం పెరుగుతుంది. చాలామందికి నెల జీతమే లేదు, వార్తకింత అని వచ్చే డబ్బుతో బండి పెట్రోలు కూడా గిట్టదు. పైగా పండగ వస్తే యాడ్స్ తెమ్మని టార్గెట్.

4. క్రియలు చూడండి

తెలుగు వార్తలో పక్షపాతం దొరికే చోటు వాక్యం చివర. మనకి క్రియ అక్కడే ఉంటుంది. ఈ మూడు వాక్యాలు చూడండి, నేను రాసుకున్న నమూనాలు:

‘కరెంటు చార్జీలు తగ్గించాలని ప్రతిపక్ష నేత కోరారు.’

‘కరెంటు చార్జీల పెంపుపై ప్రతిపక్ష నేత ప్రభుత్వాన్ని నిలదీశారు.’

‘కరెంటు చార్జీలపై ప్రతిపక్ష నేత మరోసారి అక్కసు వెళ్లగక్కారు.’

ఆయన మాట్లాడింది ఒకటే. మొదటి వాక్యంలో ఆయన మామూలు మనిషి, రెండో దాంట్లో వీరుడు, మూడో దాంట్లో కడుపుమంట ఉన్నవాడు. డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ ఒక్క క్రియతో మన చేత తీర్పు ఇప్పించేశాడు. అన్నారు, చెప్పారు, కోరారు లాంటివి ఏ రంగూ లేనివి. స్పష్టం చేశారు, ఉద్ఘాటించారు, నిలదీశారు అంటే ఎత్తుతున్నారు. బుకాయించారు, నోరు పారేసుకున్నారు, చిందులు తొక్కారు అంటే దించుతున్నారు. చదివేటప్పుడు ప్రతి క్రియనూ ‘అన్నారు’గా మార్చి వాక్యం మళ్లీ చదవండి. మిగిలింది వార్త. చాలాసార్లు ఏమీ మిగలదు.

తర్వాత కర్త లేని వాక్యాలు. ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘చర్చ జరుగుతోంది’, ‘జనం మండిపడుతున్నారు’, ‘విశ్వసనీయ వర్గాలు అంటున్నాయి’. వీటి పక్కన ‘ఎవరు?’ అని రాయండి. పేరు చెప్పలేని అధికారి దగ్గర నుంచి నిజంగా వచ్చే వార్తలుంటాయి, అవి కావాలి కూడా. కానీ ఆ వార్తలో కనీసం ఒక తేదీ, ఒక ఫైలు, ఒక అంకె దొరుకుతుంది. అవేవీ లేకుండా పేపర్లో మూడు కాలమ్‌లు నిండితే అది ఎవరో ఒకరి కోరిక. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం ఉంటే ఇంకా జాగ్రత్త. ‘మంత్రికి ఉద్వాసన?’ అంటే రాసినవాళ్లకి కూడా తెలియదని అర్థం.

ఇంకొకటి మన భాషకే ప్రత్యేకం, నేను దీన్ని చాలా పట్టించుకుంటాను. గౌరవ వాచకం. బండి దొంగిలించిన కూలీ కుర్రాడు ‘పట్టుబడ్డాడు’. కోట్ల రూపాయల బ్యాంకు రుణం ఎగ్గొట్టిన కేసులో ఉన్న పెద్దమనిషి ‘అరెస్టయ్యారు’. కుర్రాడి తల్లి ‘విలపించింది’, పెద్దమనిషి భార్య ‘ఆవేదన వ్యక్తం చేశారు’. ఇద్దరి మీదా నేరం ఇంకా రుజువు కాలేదు. ఈ తేడాలో పార్టీ లేదు, కాబట్టి అన్ని పేపర్లలోనూ కనిపిస్తుంది. ఏ రెండు పార్టీల పేపర్లు పక్కపక్కన పెట్టినా ఈ పక్షపాతం బయటపడదు. మన కళ్లే దాన్ని పట్టుకోవాలి.

ఫొటోల గురించి ఒక్క మాట. నచ్చిన నాయకుడు నవ్వుతూ, చెయ్యి ఊపుతూ కనిపిస్తాడు. నచ్చనివాడు నోరు తెరిచి, కళ్లు సగం మూసి కనిపిస్తాడు. సభకి జనం వచ్చారని చెప్పాలంటే డ్రోన్ ఫొటో, రాలేదని చెప్పాలంటే ఖాళీ కుర్చీల దగ్గర నుంచి ఫొటో. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

5. ప్రభుత్వం మారిన రోజు ముందు, వెనక చదవండి

ఒక పేపర్ వైఖరి విషయం మీదా, పార్టీ మీదా అని తేల్చుకోవడానికి నాకు దొరికిన బాగా పనికొచ్చే పరీక్ష ఇది. ఆంధ్రలో ప్రభుత్వం 2019లో మారింది, 2024లో మళ్లీ మారింది. తెలంగాణలో 2023లో మారింది. మారకుండా ఉండిపోయే సమస్య ఒకటి ఎంచుకోండి. పోలవరం, అమరావతి, కరెంటు చార్జీలు, అప్పులు, ఉద్యోగ నోటిఫికేషన్లు. పాత సంచికల్లో, వెబ్‌సైట్లలో ఆ మాట వెతికి, మార్పుకి ముందు రెండు హెడ్డింగ్‌లు, తర్వాత రెండు హెడ్డింగ్‌లు రాసుకోండి.

కరెంటు చార్జీలు కొత్తవాళ్లకి తేలిక. ట్రూ అప్ (ముందు వేసిన అంచనా కన్నా ఎక్కువైన ఖర్చును తర్వాత వసూలు చేయడం), ఇంధన సర్దుబాటు లాంటివి విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశాలతో వస్తాయి. కొన్నిసార్లు ఒక ప్రభుత్వ కాలంలో కొన్న కరెంటు ఖర్చు ఇంకో ప్రభుత్వం వచ్చాక బిల్లులో పడుతుంది. అప్పుడు ‘బాదుడు’ అనే మాట ఎవరి పేజీలో ఉంది, ‘సర్దుబాటు’ అనే మాట ఎవరి పేజీలో ఉంది, ఆ రెండు మాటలు ఎప్పుడు ఇళ్లు మారాయి, ఇది చూడండి. అప్పుల వార్తల్లోనూ ఇంతే. ఒకరికి ‘అప్పుల కుప్ప’ అయింది ఇంకొకరికి ‘నిధుల సమీకరణ’ అవుతుంది.

ప్రభుత్వం ఏదైనా ఒకే మాట రాసిన విలేకరులు కూడా దొరుకుతారు. వాళ్ల పేర్లు నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకోండి. నా జాబితాలో ఇప్పటికి ఏడుగురున్నారు, అందులో ఇద్దరు మా నాయకుడికి గిట్టని పేపర్లో పనిచేస్తారు. మా అంటే మా ఇంట్లో సగం మందికి.

6. కాగితం దాకా వెళ్లండి

జీవో మీద గొడవ జరుగుతుంటే జీవో చదవండి. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలకి జీవోల వెబ్‌సైట్లున్నాయి. ఆంధ్రలో 2021 ఆగస్టులో జీవోలు ఆ వెబ్‌సైట్లో పెట్టడం ఆపేసి, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదలుపెట్టారు. నాయకుడి ఆస్తుల మీద గొడవైతే ఎన్నికల సంఘం సైట్లో అఫిడవిట్ ఉంటుంది. రాష్ట్ర లెక్కల మీదైతే కాగ్ రిపోర్టు, బడ్జెట్ పత్రాలు. కోర్టు తీర్పైతే హైకోర్టు సైట్. మొదట ఇంగ్లిష్ చూసి భయమేస్తుంది. మొత్తం చదవక్కర్లేదు. పేపర్లో వచ్చిన అంకె పట్టుకుని ఆ అంకె ఉన్న పేరా, దాని ముందు పేరా, తర్వాత పేరా చదవండి. నేను చూసినంతలో అంకె చాలావరకు సరిగ్గానే ఉంటుంది, పక్కన ఉండాల్సిన షరతు ఎగిరిపోయి ఉంటుంది.

7. ఫోన్లో వచ్చేదానికి వేరే నిబంధనలు

వీడియో వస్తే ముందు ఒక స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే దృశ్యం రెండేళ్ల కిందట ఇంకో ఊరి పేరుతో కనిపిస్తే పని అయిపోయినట్టే. ఆ రాత్రి నేను ఈ ఒక్క పని చేసి ఉంటే అత్తయ్య ఇంట్లోనే ఉండేది. బోర్డుల మీద ఏ భాష ఉంది, బస్సు రంగు ఏమిటి, పోలీసు యూనిఫాం ఎలా ఉంది, ఇవి చూస్తే చాలా వీడియోలు అక్కడికక్కడే దొరికిపోతాయి.

ఎన్నికలప్పుడు పేపర్ క్లిప్పింగ్‌లా తయారు చేసిన బొమ్మలు తిరుగుతాయి. ఫలానా పేపర్ సర్వే, ఫలానా అభ్యర్థి పార్టీ మారాడు అని. ఫాంటు, లోగో అచ్చంగా అలాగే ఉంటాయి. ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి ఆ పేజీలో ఉందో లేదో చూడండి. లేకపోతే నకిలీ. ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ రెండూ హైదరాబాద్ నుంచే పనిచేస్తాయి, తెలుగులోనూ ఫ్యాక్ట్ చెక్‌లు రాస్తాయి. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ కూడా ఉంది, కానీ అది కేంద్ర ప్రభుత్వ విభాగం. ప్రభుత్వ పథకాల పేరుతో వచ్చే మోసపు లింకుల విషయంలో బాగా ఉపయోగపడుతుంది. ప్రభుత్వం మీద వచ్చిన విమర్శకి తీర్పరిగా మాత్రం దాన్ని తీసుకోను.

తేలేదాకా ఫార్వర్డ్ చేయకండి. ప్రాణాల మీదకొచ్చే విషయమైతే? అప్పుడు గ్రూపులో పెట్టకండి, ఆ ఊళ్లో ఉన్నవాళ్లకి ఫోన్ చేయండి.

8. ప్రకటన, వార్త వేరు చేయండి

పై పేజీ మొత్తం చుట్టేసే జాకెట్ యాడ్ అందరికీ తెలుస్తుంది. వార్తలాగే రాసి, మూల ‘ప్రకటన’ అనో ‘అడ్వర్టోరియల్’ అనో చిన్నగా వేసేది తెలియదు. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల పేజీ, కొత్త ఆస్పత్రి గురించి వచ్చే కథనం, రియల్ ఎస్టేట్ అనుబంధం చదివేటప్పుడు ఆ మాట కోసం వెతకండి. అసలు ఏ మాటా వేయకుండా డబ్బు తీసుకుని రాసేది అన్నిటికన్నా ఘోరం. 2009 ఎన్నికల్లో ఇది ఎంత విచ్చలవిడిగా జరిగిందో చూసి, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో విచారణ వేసింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వాళ్లు పేర్లతో సహా నివేదిక ఇస్తే కౌన్సిల్ పూర్తి నివేదికను బయటపెట్టలేదు. సమాచార హక్కు కింద కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో బయటికొచ్చింది. ఆ నివేదిక ప్రతి విద్యార్థీ చదవాలి.

ఎన్నికల నెలలో దీన్ని పట్టించే ఆనవాలు ఇది: ఒకే జిల్లా పేజీలో ఒకే సైజులో ఇద్దరు ప్రత్యర్థుల గురించి ‘గెలుపు ఖాయం’ అని ఉంటే, రెండూ కొన్నవే కావచ్చు.

9. తప్పు కనిపిస్తే రాయండి

ముందు ఎడిటర్‌కి ఉత్తరం లేదా మెయిల్. తేదీ, ఎడిషన్, పేజీ, తప్పు ఏమిటి, సరైనది ఏమిటి, ఆధారం. తిట్లు వద్దు. నేను నాలుగు రాశాను, ఒకదానికి సవరణ వచ్చింది, రెండు లైన్లే అయినా. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. దినపత్రికలో వచ్చిన వార్త మీదైతే అచ్చయిన రెండు నెలల్లోపు ఫిర్యాదు అందాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు. అయినా ఫిర్యాదు రికార్డులో ఉంటుంది. టీవీ మీదైతే మొదట ఆ ఛానెల్‌కే రాయాలి, ప్రసారమైన వారం లోపే. అందుకే ప్రోగ్రాం పేరు, టైము అప్పటికప్పుడు రాసిపెట్టుకోండి.

10. రోజుకి ఎంతసేపు

పొద్దున 25 నిమిషాలు, రాత్రి 10 నిమిషాలు. పొద్దున ఒక తెలుగు పేపర్, జిల్లా పేజీతో సహా. రాత్రి రెండో వైపు పేపర్లో అవే వార్తల హెడ్డింగ్‌లు. మధ్యలో నోటిఫికేషన్లు ఆఫ్. కౌంటింగ్ రోజుల్లో, వరదలప్పుడు ఇది తప్పుతుంది, ఫర్వాలేదు. కానీ పరీక్షల ముందు బ్రేకింగ్ చూస్తూ టెన్షన్ పడటం వల్ల ఏ ప్రభుత్వమూ మారదు, మన సబ్జెక్టు మాత్రం పోతుంది.

నెల రోజులయ్యాక మొదటి వారం నోట్‌బుక్ తీసి మళ్లీ ఒక వారం లెక్క రాయండి. నాది 61 నుంచి 38కి తగ్గింది, చివరిదాకా చదివినవి 4 నుంచి 19కి పెరిగాయి. ఇంకో వరస కూడా కలపండి: ఏ వార్తని అనుమానించాను, ఏది అడగకుండా నమ్మాను. నేను అనుమానించిన 11 వార్తల్లో 9 నాకు నచ్చని పార్టీకి అనుకూలంగా ఉన్నవే. నచ్చిన పార్టీ వార్తల్ని లెన్స్‌లో వెతకాలని నాకు తట్టనేలేదు. అందుకే ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. చదవగానే ‘చూశావా, నేను చెప్పలేదా’ అని లోపల సంతోషం కలిగితే, ఆ వార్తకే ముందు పట్టిక గీస్తాను.

11. ఇంట్లో

ఇది అన్నిటికన్నా కష్టం. పెద్దవాళ్లతో ‘మీ పేపర్ అబద్ధాలు రాస్తుంది’ అంటే అక్కడితో మాటలు ఆగిపోతాయి. నేను ఒకసారి అలా అని, సంక్రాంతి మూడు రోజులూ బాబాయ్‌తో సరిగ్గా మాట్లాడలేకపోయాను. తర్వాత దారి మార్చాను. వాళ్ల పేపర్లోనే వాళ్ల వైపుకి వ్యతిరేకంగా వచ్చిన వార్త చూపించి, ‘బాబాయ్, ఇది చూశావా, మనవాళ్లే రాశారు’ అంటాను. చదువుతాడు. మాట్లాడతాడు. అప్పుడు రెండో పేపర్లో అదే వార్త చూపిస్తే వినే ఓపిక ఉంటుంది.

తాతయ్య మారలేదు, ఆయన్ని మార్చాలని నేను అనుకోవడం లేదు. యాభై ఏళ్లుగా ఒకే పేపర్‌తో కాఫీ తాగుతున్న మనిషి. కాకపోతే మొన్న ఫోన్ చేసి, ధాన్యం కొనుగోళ్ల వార్త ఒకటి చదివి వినిపించి, ఆగి అడిగారు: “ఒరేయ్, ఇది గోడ అవతల పేపర్లో ఎలా వచ్చిందో కాస్త చూసి చెప్పు.”